యూనిట్ - 9: పెద్ద రేడియో నియంత్రిత విన్యాసాల విమాన నమూనాను ట్రిమ్ చేయడం

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:

- ట్రిమ్ చేయడం అంటే ఏమిటో వివరించగలుగుతారు.
- విమాన నమూనాలో కనిపించే దోషాలను వాటి మూలాన్నిబట్టి మూడు రకాలుగా వర్గీకరించగలుగుతారు.
- గరిమనాభి స్థానం, రెక్కల బరువు తేడా, ఇంజిన్ కోణం సరిగ్గా ఉన్నాయో లేదో తెలిపే పరీక్షలను వరసగా చెప్పగలుగుతారు.
- ట్రాన్స్‌మిటర్‌లోని మిక్స్‌లను చివరన మాత్రమే ఎందుకు వాడాలో కారణాలతో చెప్పగలుగుతారు.

9.1 పరిచయం

విమానం మూడు అక్షాల మీద తిరుగుతుందని గత యూనిట్లలో తెలుసుకున్నారు. ముక్కు పైకి కిందికి కదలడం పిచ్, కుడి ఎడమలకు తిరగడం యా, రెక్కలు ఒక పక్కకు దొర్లడం రోల్. వీటిని వరసగా ఎలివేటర్, రడ్డర్, ఏలిరాన్లు అదుపు చేస్తాయి. నేలమీద నిలబడి నమూనాను ఎగరవేసే వ్యక్తి ట్రాన్స్‌మిటర్‌పై రెండు కర్రలను కదిలిస్తే, విమానంలోని సర్వో మోటార్లు ఈ తలాలను కదుపుతాయి.

పైలట్ కర్రలను వదిలేసినప్పుడు విమానం తనంతట తాను ఎటూ మళ్లకుండా పోవాలి. దాన్ని ఆ స్థితికి తీసుకురావడమే ట్రిమ్ చేయడం. మామూలు శిక్షణ నమూనాకు సమతల గమనం కుదిరితే సరిపోతుంది. విన్యాసాల విమానం సంగతి వేరు. అది తలకిందులుగా, నిట్టనిలువుగా పైకీ కిందికీ, పక్కకు ఒరిగి రెక్క అంచు మీద కూడా గీత గీసినట్లు పోవాలి. ఒక స్థితిలో కుదిరిన ట్రిమ్ మరో స్థితిలో చెడిపోవచ్చు. అందుకే ఈ పనికి ఒక పద్ధతి అవసరం.

9.2 ఉదాహరణ నమూనా

జర్మనీకి చెందిన వాల్టర్ ఎక్స్‌ట్రా రూపొందించిన ఎక్స్‌ట్రా 300 విన్యాసాల విమానాలలో బాగా పేరున్నది. దీనిలో ఒకే సీటు ఉండే 300ఎస్ రకం రెక్కల విస్తారం 7.5 మీటర్లు. దీన్ని 35 శాతానికి తగ్గించి చేసిన నమూనా రెక్కల విస్తారం 7.5 × 0.35 = 2.625 మీటర్లు అవుతుంది. ఈ పరిమాణంలోని నమూనాకు సాధారణంగా 100 సీసీ రెండు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్ అమరుస్తారు. బరువు దాదాపు 11 కిలోలు ఉంటుంది. ఈ యూనిట్‌లోని లెక్కలన్నీ ఈ నమూనాకు సంబంధించినవే.

ఈ నమూనా సెకనుకు 30 మీటర్ల వేగంతో పోతుంటే దాని గతిజశక్తి ½ × 11 × 30² = 4,950 జౌళ్లు. సెకనుకు 15 మీటర్ల వేగంతో పోయే 2 కిలోల శిక్షణ నమూనా గతిజశక్తి 225 జౌళ్లు మాత్రమే. అంటే పెద్ద నమూనాలో 22 రెట్ల శక్తి ఉంటుంది. కాబట్టి ట్రిమ్ సరిగ్గా లేకపోవడం విన్యాసం అందాన్ని మాత్రమే చెడగొట్టదు. దిగేటప్పుడు రెక్క అకస్మాత్తుగా వాలితే నమూనా పోవచ్చు, మైదానంలోని మనుషులకూ ప్రమాదం కలగవచ్చు.

9.3 దోషాల మూలాలు

నమూనాలో కనిపించే దోషాలు మూడు మూలాల నుంచి వస్తాయి.

(అ) బరువుకు సంబంధించినవి: గరిమనాభి ముందుకో వెనక్కో ఉండటం, ఒక రెక్క రెండో దానికన్నా బరువుగా ఉండటం. ఇవి కలిగించే భ్రామకం గాలి వేగాన్నిబట్టి మారదు.

(ఆ) గాలికి సంబంధించినవి: రెక్కలో మెలిక, రడ్డర్ కొద్దిగా పక్కకు ఉండటం, తలాలు సమానంగా కదలకపోవడం. వీటి ప్రభావం వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది.

(ఇ) ఇంజిన్‌కు సంబంధించినవి: ప్రొపెల్లర్ వల్ల కలిగే టార్క్, సుడిగాలి ప్రభావాలు. ఇవి ముఖ్యంగా థ్రాటిల్‌పై ఆధారపడతాయి.

ట్రాన్స్‌మిటర్‌పై ట్రిమ్ మీట నొక్కినప్పుడు ఏలిరాన్, ఎలివేటర్ లేదా రడ్డర్ కొద్దిగా కదులుతుంది. అంటే అది రెండో రకం సవరణ. దాని బలం కూడా వేగం వర్గంతో మారుతుంది.

ఒక సందర్భం తీసుకుందాం. ఎడమ రెక్క బరువుగా ఉంది. సెకనుకు 30 మీటర్ల వేగంలో ఏలిరాన్ ట్రిమ్‌తో దాన్ని సరిచేశారు. దిగేటప్పుడు వేగం సెకనుకు 15 మీటర్లకు తగ్గింది. ఏలిరాన్ బలం నాలుగో వంతుకు పడిపోయింది. రెక్క బరువు మాత్రం తగ్గలేదు. ఫలితంగా నేలకు దగ్గరగా, సరిదిద్దుకోవడానికి ఎత్తు లేని చోట, ఎడమ రెక్క వాలుతుంది.

దీని నుంచి ఈ యూనిట్‌కంతటికీ ఆధారమైన నియమం వస్తుంది: దోషం ఏ మూలం నుంచి వచ్చిందో సవరణ ఆ మూలంలోనే చేయాలి. బరువు దోషాన్ని బరువుతో, తలం దోషాన్ని తలంతో, ఇంజిన్ దోషాన్ని ఇంజిన్ కోణంతో సరిచేయాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
1. సెకనుకు 30 మీటర్ల వేగంలో ఏలిరాన్ కలిగించే బలంలో, 20 మీటర్ల వేగంలో ఎంత భాగం మిగులుతుంది?

9.4 నేలమీద చేయవలసిన పనులు

గాలిలో చేసే పరీక్షలు నమ్మదగినవిగా ఉండాలంటే కింది పనులు ముందే పూర్తి కావాలి.

1. సర్వో చేయి, లింకేజీ రాడ్డు, తలంపై ఉండే హార్న్ మధ్య వదులు ఉండకూడదు. వదులుగా ఉన్న తలం వేగంలో దడదడలాడుతుంది. దీన్ని ఫ్లటర్ అంటారు. ఫ్లటర్ సెకన్లలో తలాన్ని ఊడగొట్టగలదు. గాలిలో అలాంటి శబ్దం వినిపిస్తే వెంటనే థ్రాటిల్ తగ్గించి దించాలి.

2. ఎలివేటర్‌లోని రెండు భాగాలకూ వేరువేరు సర్వోలు ఉంటాయి. మధ్యస్థానంలో, సగం కదలికలో, పూర్తి కదలికలో రెండూ సమానంగా ఉన్నాయో లేదో కోణమానితో చూడాలి.

3. ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర ఒకరు, తోక దగ్గర ఒకరు పట్టుకుని నమూనాను పైకెత్తాలి. ఏ రెక్క కిందికి వాలుతుందో చూసి, రెండో రెక్క కొనకు తగినంత బరువు చేర్చాలి. ఈ పని ఇంజిన్ ఆగి ఉన్నప్పుడే చేయాలి.

4. గరిమనాభిని తయారీదారు సూచించిన పరిధిలో ముందు భాగానికి దగ్గరగా ఉంచాలి. ఇంధన ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు కొలవాలి. ట్యాంకు గరిమనాభికి ముందు ఉంటే ఇంధనం తరిగేకొద్దీ గరిమనాభి వెనక్కి జరుగుతుంది. గరిమనాభి బాగా వెనక్కి పోయిన విమానం అదుపు తప్పుతుంది.

5. రేడియో దూర పరీక్ష చేయాలి. సంకేతం తెగిపోతే థ్రాటిల్ కనిష్ఠానికి వచ్చేలా ఫెయిల్‌సేఫ్ అమర్చి, నమూనాను గట్టిగా కట్టి ఉంచి సరిచూడాలి.

9.5 మొదటి ఎగురవేత

గాలి నిలకడగా ఉండే తెల్లవారుజాము ఈ పనికి అనువైనది. పక్కగాలి ఉన్నప్పుడు విమానం పక్కకు జరిగితే, అది గాలి పనో రడ్డర్ దోషమో తేల్చలేం. పక్కన సహాయకుడు పుస్తకంలో రాసుకుంటూ ఉండాలి. పైలట్ చూపు విమానం మీదనే ఉండాలి.

తగినంత ఎత్తుకు వెళ్లాక, సగానికి కొంచెం ఎక్కువ థ్రాటిల్‌తో సమతలంగా ఎగరవేస్తూ ట్రిమ్ మీటలతో మూడు అక్షాలనూ సరిచేయాలి. ఆ తరవాత థ్రాటిల్ పూర్తిగా తగ్గించి, నెమ్మదిగా కిందికి జారనిచ్చి ముక్కు ఎటు తిరుగుతుందో గమనించాలి. ఇంజిన్ బలం దాదాపు లేని ఈ స్థితిలో ముక్కు పక్కకు పోతే అది రడ్డర్ దోషం. దాన్ని రడ్డర్ ట్రిమ్‌తో ఇక్కడే సరిచేయాలి.

దించిన తరవాత ట్రిమ్ మీట చూపించే విలువను లింకేజీ పొడవులోకి మార్చి, మీటను మళ్లీ సున్నాకు తేవాలి.

9.6 గరిమనాభి పరీక్ష

సమతల గమనంలో చక్కగా ట్రిమ్ అయిన విమానాన్ని 45 డిగ్రీల కోణంలో పైకి పోనివ్వాలి. అదే గీతపై సగం దొర్లించి తలకిందులు చేయాలి. ఎలివేటర్ కర్రను వదిలి చూడాలి.

- గీత త్వరగా నేల వైపు వంగితే ముక్కు బరువెక్కువ.
- చాలాసేపు గీత అలాగే నిలిచి, నెమ్మదిగా వంగితే గరిమనాభి విన్యాసాలకు తగిన స్థానంలో ఉంది.
- గీత ఆకాశం వైపు వంగితే తోక బరువెక్కువ.

దీనికి కారణం ఇది. ముక్కు బరువైన విమానం సమతలంగా పోవడానికి ఎలివేటర్‌ను కొద్దిగా పైకి ట్రిమ్ చేసి ఉంటారు. తలకిందులైనప్పుడు ఆ ట్రిమ్ ముక్కును కాక్‌పిట్ వైపు, అంటే నేల వైపు లాగుతుంది. ముక్కు బరువు కూడా అటే లాగుతుంది. సమతల గమనంలో ఒకదాన్నొకటి రద్దు చేసుకున్న రెండు ప్రభావాలు ఇప్పుడు కలిసిపోయాయి.

ఉదాహరణ: మన నమూనా గరిమనాభిని 10 మి.మీ. వెనక్కి జరపాలి. కావలసిన భ్రామకం మార్పు 11 కిలోలు × 10 మి.మీ. = 110 కిలో-మి.మీ. అర కిలో బ్యాటరీని వెనక్కి జరపదలిస్తే దూరం 110 ÷ 0.5 = 220 మి.మీ. బ్యాటరీ జరపడానికి చోటు లేకపోతే, గరిమనాభికి 1,100 మి.మీ. వెనక, తోకలో 110 ÷ 1,100 = 0.1 కిలో, అంటే 100 గ్రాములు చేర్చాలి. మొదటి మార్గంలో మొత్తం బరువు పెరగదు కనుక అదే మెరుగైనది. ఒకేసారి 10 మి.మీ. జరపకుండా రెండు మూడు విడతలుగా జరిపి, ప్రతి విడతకూ సమతల ట్రిమ్ మళ్లీ చేసుకుని పరీక్షను తిరిగి చేయాలి.

9.7 ఒకే లక్షణం, రెండు కారణాలు

సమతల గమనంలో ఎడమ రెక్క వాలుతోంది. కుడి వైపు ఏలిరాన్ ట్రిమ్ ఇస్తే సరిపోయింది. కాని వాలడానికి కారణం ఎడమ రెక్క బరువా? రెక్కలో మెలికా? ట్రిమ్ మీట ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. అదే వేగంలో విమానాన్ని తలకిందులు చేస్తే జవాబు దొరుకుతుంది.

మెలిక కలిగించే రోల్ విమానం శరీరానికి సంబంధించినది. తలకిందులైనా అది అదే దిశలో ఉంటుంది. ఏలిరాన్ ట్రిమ్ దాన్ని మునుపటిలాగే రద్దు చేస్తుంది. విమానం నిలకడగా పోతుంది.

బరువు ఎప్పుడూ నేల వైపే లాగుతుంది. మామూలుగా ఎగిరేటప్పుడు ఎడమ రెక్కను పొట్ట వైపు లాగిన బరువు, తలకిందులైనప్పుడు దాన్ని కాక్‌పిట్ వైపు లాగుతుంది. ఏలిరాన్ ట్రిమ్ కూడా ఎడమ రెక్కను కాక్‌పిట్ వైపే నెడుతోంది. రెండూ కలిసి ఎడమ రెక్కను స్పష్టంగా నేల వైపు వాలుస్తాయి. అప్పుడు కుడి రెక్క కొనకు బరువు చేర్చి, ఏలిరాన్ ట్రిమ్‌ను వెనక్కి తీయాలి.

చిన్న వలయం తిప్పినప్పుడు ఈ తేడా ఇంకా ప్రస్ఫుటమవుతుంది. త్వరణం గురుత్వానికి అయిదు రెట్లు ఉన్న వలయంలో 20 గ్రాముల తేడా 100 గ్రాముల తేడాలా పనిచేస్తుంది. అయితే ఒక జాగ్రత్త అవసరం. ఎలివేటర్ రెండు భాగాలూ సమానంగా కదలకపోయినా వలయంలో విమానం ఒక పక్కకు దొర్లుతుంది. లోపలి వలయంలో ఒక వైపు, వెలుపలి వలయంలో రెండో వైపు దొర్లడం అనే లక్షణం రెండు దోషాలకూ ఒకటే. కాబట్టి వలయం పరీక్ష ఒక్కటే వీటిని విడదీయలేదు. 9.4లోని రెండో అంశాన్ని నేలమీదనే పూర్తి చేయమని చెప్పడానికి కారణం ఇదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
2. కుడి వైపు ఏలిరాన్ ట్రిమ్ ఉన్న నమూనా తలకిందులుగా కూడా నిలకడగా పోయింది. దోషం బరువుదా, మెలికదా?

9.8 ఇంజిన్ కోణం

వెనక నుంచి చూసినప్పుడు ప్రొపెల్లర్ గడియారం ముళ్ల దిశలో తిరుగుతుంది. అది వెనక్కి నెట్టే గాలి మెలికలు తిరుగుతూ వచ్చి నిలువు తోకను ఎడమ పక్క నుంచి తాకుతుంది. తోక కుడికి, ముక్కు ఎడమకు పోతాయి. దీన్ని ఎదుర్కోవడానికి ఇంజిన్‌ను కొద్దిగా కుడికి తిప్పి బిగిస్తారు. దీన్ని కుడి థ్రస్ట్ అంటారు. ఇది సాధారణంగా రెండు మూడు డిగ్రీలు ఉంటుంది.

పరీక్ష: పూర్తి థ్రాటిల్‌తో, రెక్కలు సమతలంగా ఉంచి, విమానాన్ని నిట్టనిలువుగా పైకి లేపి కర్రలను వదలాలి. ముక్కు ఎడమకు పోతే కుడి థ్రస్ట్ చాలదు. కుడికి పోతే ఎక్కువైంది. ఎదురు దిశ నుంచి కూడా వచ్చి ఇదే పరీక్ష చేస్తే గాలి ప్రభావాన్ని గుర్తించవచ్చు. ఎత్తుకు పోయేకొద్దీ వేగం తగ్గి తోక పట్టు సడలుతుంది కనుక ముక్కు ఎడమకు పోవడం సహజం. గీత మొదటి భాగాన్ని చూసి మాత్రమే తీర్పు చెప్పాలి. చివరి భాగాన్ని పైలట్ రడ్డర్‌తో సరిదిద్దుకోవాలి.

ఇక్కడ రడ్డర్ ట్రిమ్ ఇస్తే ఏమవుతుంది? థ్రాటిల్ తగ్గించిన ప్రతిసారీ ఆ ట్రిమ్ ముక్కును కుడికి లాగుతుంది. కాబట్టి ఇంజిన్ బిగించిన బోల్టుల దగ్గర వాషర్లు చేర్చడమే సరైన మార్గం. పైలట్ వైపు నుంచి చూస్తే ఎడమ పక్క బోల్టులకు చేర్చాలి.

ఉదాహరణ: ఎడమ, కుడి బోల్టుల మధ్య దూరం 80 మి.మీ. అనుకుందాం. 1 మి.మీ. మందం వాషర్ చేర్చితే కోణం టాంజెంట్ 1/80. అంటే దాదాపు 0.7 డిగ్రీ. అర మిల్లీమీటరు వాషర్‌తో దాదాపు 0.36 డిగ్రీ మార్పు వస్తుంది. చిన్న మార్పుతోనే మొదలుపెట్టాలి. ఇంజిన్ తిరిగాక ముక్కు కవచానికి స్పిన్నర్ తగలకుండా ఉందో లేదో చూసుకోవాలి.

9.9 మిగిలిన దోషాలకు మిక్స్‌లు

ఒక కర్ర కదిపినప్పుడు మరో తలం కూడా కొద్దిగా కదిలేలా ట్రాన్స్‌మిటర్‌లో చేసే ఏర్పాటును మిక్స్ అంటారు. పై సవరణలన్నీ అయ్యాక మిగిలిన దోషాలకు మాత్రమే వీటిని వాడాలి.

(అ) నిట్టనిలువుగా కిందికి దిగడం: థ్రాటిల్ తగ్గించి నేరుగా కిందికి దించినప్పుడు చాలా నమూనాలు కాక్‌పిట్ వైపు వంగుతాయి. ఎలివేటర్ ట్రిమ్ సమతల గమనానికి చేసినది. అక్కడ రెక్క విమానం బరువు మోయాలి. నిట్టనిలువు గీతలో రెక్క ఏమీ మోయనక్కరలేదు. అయినా ఆ ట్రిమ్ లిఫ్ట్‌ను కలిగిస్తూనే ఉంటుంది. కనిష్ఠ థ్రాటిల్‌లో ఎలివేటర్ ఒకటి రెండు శాతం కిందికి కదిలేలా మిక్స్ ఇస్తే గీత నిలుస్తుంది. విమానాన్ని దించేటప్పుడు కూడా థ్రాటిల్ కనిష్ఠంలోనే ఉంటుందని మరవకూడదు. ఈ మిక్స్‌ను ఆపే స్విచ్ పెట్టుకోవడం మంచిది.

(ఆ) నైఫ్‌ఎడ్జ్: విమానం 90 డిగ్రీలు ఒరిగి, రడ్డర్ సాయంతో ఎత్తు నిలుపుకుంటూ పోయే విన్యాసం ఇది. రడ్డర్ ఇచ్చినప్పుడు ముక్కు పొట్ట వైపో కాక్‌పిట్ వైపో పోవచ్చు. విమానం దొర్లవచ్చు. రడ్డర్‌తోపాటు ఎలివేటర్, ఏలిరాన్ కొద్దిగా కదిలేలా మిక్స్ చేసి సరిచేస్తారు. కుడి, ఎడమ రడ్డర్‌లకు విడివిడిగా పరీక్షించాలి.

(ఇ) ఏలిరాన్ తేడా: పైకి పోతూ దొర్లించినప్పుడు ముక్కు దొర్లే దిశకు వ్యతిరేకంగా తిరిగితే, కిందికి కదిలే ఏలిరాన్ కదలికను పైకి కదిలే దానికన్నా కొద్దిగా తగ్గించాలి.

9.10 వరస ఎందుకు మారకూడదు?

గరిమనాభిని జరిపితే ఎలివేటర్ ట్రిమ్ మారుతుంది. ఎలివేటర్ ట్రిమ్ మారితే కిందికి దిగే గీత మారుతుంది. ఆ గీతకు ముందే మిక్స్ ఇచ్చి ఉంటే ఆ పని వృథా. అంతేకాదు, మిక్స్ అసలు దోషాన్ని కప్పిపుచ్చుతుంది. కాబట్టి నేలమీది పనులు, సమతల ట్రిమ్, గరిమనాభి, రెక్కల బరువు, ఇంజిన్ కోణం, మిక్స్‌లు అనే వరసలోనే సాగాలి. ఒక ఎగురవేతకు ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఏ ప్రయోగశాలలోనైనా ఒక చరరాశిని మార్చి మిగిలినవాటిని స్థిరంగా ఉంచడం మీరు నేర్చుకున్న పద్ధతే.

9.11 నిబంధనలు, భద్రత

మన దేశంలో డ్రోన్ నియమాలు, 2021 ప్రకారం 25 కిలోల వరకు బరువు ఉండి, విద్య, పరిశోధన, రూపకల్పన, పరీక్ష లేదా వినోదం కోసం, కంటికి కనిపించే దూరంలో మాత్రమే ఎగరవేసేవి నమూనా విమానాల కోవలోకి వస్తాయి. మన ఉదాహరణ నమూనా ఈ పరిధిలోనిదే. ఎగరవేసే ముందు ఆ ప్రదేశం ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలలో దేనిలో ఉందో డిజిటల్ స్కై పటంలో చూసుకోవాలి. పరీక్షలన్నీ మనుషులకు, వాహనాలకు దూరంగా, వారి తలలపై నుంచి కాకుండా చేయాలి.

9.12 సారాంశం

ట్రిమ్ చేయడం అంటే మీటలు నొక్కడం మాత్రమే కాదు, దోషానికి మూలం కనుక్కోవడం. బరువు, గాలి, ఇంజిన్ ప్రభావాలు వేగంతోనూ థ్రాటిల్‌తోనూ వేరువేరుగా మారతాయి. అందువల్ల ఒకదాని దోషాన్ని మరొకదానితో కప్పితే అది ఒక్క స్థితిలోనే కుదురుతుంది. విమానాన్ని తలకిందులు చేయడం, థ్రాటిల్ తగ్గించడం, నిట్టనిలువుగా లేపడం వంటి పరీక్షలు కలిసిపోయిన కారణాలను విడదీస్తాయి. యాంత్రిక సవరణలు ముందు, మిక్స్‌లు చివర.

9.13 మీ ప్రగతిని సమీక్షించుకోండి - సమాధానాలు

1. (20/30)² = 4/9, అంటే దాదాపు 44 శాతం.
2. మెలికది. బరువు దోషమైతే తలకిందులైనప్పుడు బరువైన రెక్క నేల వైపు వాలేది.

9.14 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. 45 డిగ్రీల గీతపై చేసే గరిమనాభి పరీక్షను వివరించి, దానికి కారణం తెలపండి.
2. కుడి థ్రస్ట్ చాలనప్పుడు రడ్డర్ ట్రిమ్ ఎందుకు సరైన పరిష్కారం కాదు?

II. కింది ప్రశ్నకు 30 వాక్యాలలో సమాధానం రాయండి.
1. విన్యాసాల విమాన నమూనాలోని దోషాలను మూలాన్నిబట్టి వర్గీకరించి, వాటిని సరిచేసే వరసను సమర్థించండి.

III. అభ్యాసం
1. 9 కిలోల నమూనా గరిమనాభిని 6 మి.మీ. వెనక్కి జరపడానికి 300 గ్రాముల బ్యాటరీని ఎంత దూరం జరపాలి? (జవాబు: 180 మి.మీ.)